ఊడదీసే సీట్లు: ట్రైబర్‌తో నాలుగేళ్లు

మా అమ్మ ఊరెళ్లిందంటే ఉత్త చేతులతో తిరిగి రాదు. 2021లో కారు కొనేటప్పుడు ఇంజిన్ కంటే ముందు అమ్మ మూటలే గుర్తొచ్చాయి నాకు. రెనో ట్రైబర్‌లో చివరి వరస సీట్లు రెండూ పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు. అరవై వేల కిలోమీటర్లు తిరిగాక కూడా ఈ బండి మీద నా ప్రేమంతా దానివల్లే.

మడిచే సీట్లు చాలా కార్లలో ఉంటాయి. మడిచినా అక్కడే గుట్టలా ఉండి సగం చోటు తినేస్తాయి. ఇందులో వీపు భాగం మడిచి, ముందుకు లేపి ఎత్తితే సీటు చేతికొచ్చేస్తుంది. 84 లీటర్ల డిక్కీ 625 లీటర్లవుతుంది. మొన్న సంక్రాంతికి మండపేట దగ్గర మా ఊరి నుంచి రెండు బియ్యం బస్తాలు, మినుముల మూట, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, ఆ పైన ఒక అరటి గెల. రాజమండ్రి దాకా ఎవరి ఒళ్లోనూ ఏదీ పెట్టుకోలేదు.

ఆ మర్నాడే చెమటలు పట్టాయి. మేం నలుగురం, అమ్మ, అక్కా బావా కలిసి అన్నవరం బయల్దేరాలి. తెల్లవారుజామున సీట్లు బిగిస్తుంటే ఎడమ సీటు ఎంతకీ ‘టక్’ మనదు. నొక్కినా, తీసి మళ్లీ పెట్టినా అంతే. పిల్లలు స్వెటర్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. లాక్ పడని సీట్లో పిల్లని కూర్చోబెట్టడం నావల్ల కాదు. బావ ఫోన్ లైటు వేసి కింద కొక్కెం దగ్గర చూస్తే, ఒక్క మినపగింజ! మూటకి ఎక్కడో చిల్లు పడింది. అమ్మ తలలోంచి పిన్నీసు తీసి దాన్ని పైకి లాగింది. అప్పట్నుంచి సీటు పెట్టేముందు పాత టూత్‌బ్రష్‌తో ఆ గాడి దులుపుతాను. పెట్టాక రెండు చేతులతో గట్టిగా ఊపి చూస్తాను.

అయితే ఏడుగురం ఎక్కితే వెనక రెండు సంచులు పడితే గొప్ప. అన్నవరం దగ్గర కాబట్టి సరిపోయింది, తిరుపతికైతే నేను రైలు టికెట్లే తీస్తాను. 999 సీసీ ఇంజిన్ కదా, నిండా జనంతో ఘాట్ ఎక్కాలంటే ఓపిక కావాలి. చివరి వరస పిల్లలకే బాగుంటుంది. పైకప్పులోంచి ఏసీ గాలి వాళ్లదాకా రావడం మాత్రం మే నెల ఎండల్లో పెద్ద వరం. ఇంకో సంగతి, ఊడదీసిన సీట్లు మా వరండాలో దుప్పటి కప్పుకుని ఉంటాయి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లు వాటిని ఎక్కడ పెట్టాలో, ఎవరు మోయాలో ముందే చూసుకోవాలి.

మాదాంట్లో ఎయిర్‌బ్యాగులు రెండే. 2025లో వచ్చిన కొత్త ట్రైబర్‌లో అన్ని వేరియంట్లకీ ఆరు ఇస్తున్నారు. ఇంట్లో పిల్లలుండి ఇప్పుడు కొనేవాళ్లయితే కొత్తదే చూడమంటాను. నేను మాత్రం ఇప్పట్లో మార్చను. అమ్మ సోమవారం ఊరెళ్లింది, రేపు తీసుకురావాలి. సీట్లు రెండూ ఇందాకే తీసి వరండాలో పెట్టాను.