ఆ నీలం ప్రీసెట్‌ను నమ్మకండి: ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్‌తో నా అనుభవం

ఎల్‌ఎం2596 మాడ్యూల్ అంటే ఎక్కువ డీసీ వోల్టేజీని తక్కువకు దించే చిన్న బోర్డు (బక్ అంటే అదే). అది ఎన్ని వోల్టులు తీసుకుంటుంది, ఎన్ని ఇస్తుంది అన్నవి అందరికీ తెలిసిన లెక్కలే, మళ్లీ రాయను. నా గొడవంతా దాని మీదుండే నీలం రంగు ప్రీసెట్‌తోనే, అంటే స్క్రూ తిప్పి అవుట్‌పుట్ వోల్టేజీని సెట్ చేసే రెసిస్టర్‌తో. ఇత్తడి స్క్రూ ఉన్న ఆ చిన్న డబ్బా మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

మా మిద్దె తోటకు నీళ్లు పెట్టే సెటప్‌లో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను. 12 వోల్టుల అడాప్టర్‌తో చిన్న పంపు నడుస్తుంది. అదే లైన్‌ను ఈ మాడ్యూల్ 5 వోల్టులకు దించి ఈఎస్‌పీ32కి (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), పంపును ఆన్ ఆఫ్ చేసే రిలే బోర్డుకి ఇస్తుంది. అంతకుముందు 7805 ఉండేది, మిగులు వోల్టేజీని వేడిగా వదిలేసే పాతరకం 5 వోల్టుల రెగ్యులేటర్. అర ఆంపియర్ లాగితే మూడున్నర వాట్లు వేడి రూపంలోనే పోయేవి, హీట్ సింక్ మీద వేలు ఆనేది కాదు. ఇది వచ్చాక ఆ బాధ పోయింది. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్‌పీ32 దాదాపు 240 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఆ కాస్తలో వోల్టేజీ పడిందంటే బ్రౌనౌట్ అని బోర్డు రీసెట్ అయిపోతుంది. ఈ మాడ్యూల్‌కు తోడు బోర్డు పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాక రీసెట్లు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీకి ఎవరు వెళ్తున్నా ఇదే తెచ్చుకోమని చెప్పేవాణ్ని.

వానాకాలం పోయాక ఒకరోజు పంపు ఆన్ కాలేదు. బాక్స్ తెరిస్తే కాలిన వాసన. ఈఎస్‌పీ32 బోర్డు మీద ఉండే 3.3 వోల్టుల రెగ్యులేటర్ నడుమ నల్లగా సూదిమొనంత బొక్క. రిలే ముట్టుకుంటే చుర్రుమంది. మాడ్యూల్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ పెడితే 5 ఉండాల్సిన చోట 11 వోల్టులకు దగ్గరగా చూపించింది. స్క్రూడ్రైవర్ మొనను ప్రీసెట్ స్క్రూకి ఆనించానంతే, తిప్పలేదు. రీడింగ్ 5కి దిగింది. తీయగానే మళ్లీ 11.

ప్రీసెట్ లోపల కాంటాక్ట్ వదిలేసింది. ఎల్‌ఎం2596 చిప్ తన ఫీడ్‌బ్యాక్ పిన్ (అవుట్‌పుట్ ఎంతుందో చూసుకునే కాలు) దగ్గర 1.23 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. నా మాడ్యూల్‌లో ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కు 330 ఓమ్స్, అవుట్‌పుట్ వైపు ఈ ప్రీసెట్. ప్రీసెట్ తెగితే పిన్ సున్నాకు పడిపోతుంది. అవుట్‌పుట్ తగ్గిందనుకుని చిప్ లోపలికొచ్చిన వోల్టేజీనంతా బయటికి తోసేస్తుంది. ప్రీసెట్‌ను గ్రౌండ్ వైపు పెట్టి ఉంటే, అది తెగినా వోల్టేజీ కిందికి పడేది, నా బోర్డు బతికేది. అసలు నన్ను బాధపెట్టేది ఈ డిజైనే. పైగా అది 10 కిలో ఓమ్స్ ప్రీసెట్. 5 వోల్టులకు కావాల్సింది అందులో పదో వంతు. స్క్రూ కాస్త కదిలినా వోల్టేజీ ఎటో పోతుంది.

ఇప్పుడు ప్రీసెట్ పీకేసి, దాని స్థానంలో 1 కిలో ఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ సోల్డర్ చేశాను. లెక్క ప్రకారం 4.96 వోల్టులు రావాలి, అటూఇటూగా అంతే వస్తోంది. ఎండా వానా తగిలినా మళ్లీ కదల్లేదు.

అమ్మేటప్పుడు చెప్పే 3 ఆంపియర్లను మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. 2 దాటితే హీట్ సింక్ లేకుండా కష్టం. బ్యాటరీ ప్రాజెక్టులకైతే వద్దే వద్దు. పని లేనప్పుడు నిద్రపోయే డీప్ స్లీప్‌లో ఈఎస్‌పీ32 చిప్ తీసుకునేది 10 మైక్రో ఆంపియర్లు, ఈ ఎల్‌ఎం2596 ఊరికే కూర్చుని దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు తాగేస్తుంది.

నాది మిద్దె మీద ఉండే బాక్స్, తేమ ఎక్కువ. గదిలో టేబుల్ మీద పెట్టుకునేవాళ్లకు ఆ ప్రీసెట్ ఏళ్ల తరబడి బాగానే ఉండొచ్చు. ఎలాగూ 12 వోల్టుల పంపో మోటారో ఉన్నవాళ్లయితే, రెసిస్టర్ మార్చుకుని ఇదే వాడమంటాను. 5 వోల్టులు చాలనుకుంటే మంచి ఫోన్ ఛార్జర్, మందమైన కేబుల్ సరిపోతాయి. ప్రీసెట్‌తోనే కొనసాగేవాళ్లు అప్పుడప్పుడూ మీటర్ పెట్టి చూసుకోండి, ముఖ్యంగా వానలు వెలిశాక.