యారో కార్డులు: రాయడం వరకూ భేష్, సవరించడం దగ్గర చాలవు

ప్రాథమిక తరగతుల పిల్లలకు స్థాన విలువ చెప్పడానికి కొన్నేళ్లుగా యారో కార్డులు వాడుతున్నాను. 1 నుంచి 9, 10 నుంచి 90, 100 నుంచి 900, 1000 నుంచి 9000 వరకు మొత్తం 36 కార్డులు. కుడి అంచున బాణం మొన ఉంటుంది. 300 మీద 40, దాని మీద 7 పెట్టి మొనలు కలిపితే 347 కనిపిస్తుంది.

ఇవి బాగా అక్కరకొచ్చేది సున్నా దగ్గర. మూడు వందల ఐదు రాయమంటే 3005 రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. విన్నది విన్నట్టే రాస్తారు, వాళ్లననీ లాభం లేదు. 300 మీద 5 పెట్టమంటే చివరి సున్నా దాని కిందకు పోతుంది, మధ్య సున్నా మిగులుతుంది. ఇక నేను చెప్పేదేమీ ఉండదు. విస్తరణ రూపమూ (347 = 300 + 40 + 7) అంతే: కార్డులు విడదీస్తే చాలు.

లామినేట్ చేసినా మొనలు వంగుతాయి, ఒకట్ల కార్డులు చిన్నవి కాబట్టి ముందు అవే పోతాయి. అట్టతో చేసుకున్నవీ ఇంతే బాగా పనిచేస్తాయి.

అసలు లోపం వేరే ఉంది. 347లో ఎన్ని పదులున్నాయని అడిగి చూడండి. కార్డులకు అలవాటుపడ్డ పిల్లలు టక్కున నాలుగంటారు. పదుల స్థానంలో ఉన్న అంకె నాలుగే, సంఖ్యలో ఉన్న పదులు మాత్రం 34. వంద పలకను పది కడ్డీలుగా మార్పించే బేస్ టెన్ బ్లాకులతో ఇది తేలిగ్గా తెలుస్తుంది, కార్డుల్లో కనబడదు. సంఖ్యను దగ్గరి పదికో వందకో సవరించడానికి (రౌండ్ చేయడానికి) కావలసింది సరిగ్గా ఇదే. 347 అనేది 34 పదులకూ 35 పదులకూ మధ్య ఉందని తోచకపోతే మిగిలేది ‘5 గానీ ఆపైన గానీ ఉంటే పెంచు’ అన్న బట్టీ. ఆ బట్టీతోనే కొందరు 347ను 350 చేసి, దాన్ని మళ్లీ 400 చేస్తారు. దగ్గరి వందకు రావలసింది 300.

అందుకే ఆ పాఠానికి కార్డులు తీయను. ఖాళీ సంఖ్యారేఖ గీసి రెండు చివర్లా 300, 400, నడుమ 350 పిల్లల చేతే రాయిస్తాను. 347 ఎటు దగ్గరో వేలితో చూపిస్తారు. 350 అయితే రెండు వైపులా దూరం సమానమే, పైకి పోవడం అందరూ ఒప్పుకున్న పద్ధతని చెప్పేసి ముందుకెళ్తాను.

చివర్లో 996ను దగ్గరి పదికి సవరించమంటాను. అంకెలు మాత్రమే చూసేవాళ్లు పదుల స్థానంలో 10 ఇరికించి 9100 రాస్తారు. 99 పదుల తర్వాత 100 పదులని లెక్కపెట్టినవాళ్లు 1000 అంటారు.