ఎర్రమట్టి పూసి "కొత్త దుంప" అని అమ్ముతున్నారు, కొనేముందు ఒక్కసారి గీకి చూడండి

వేసవి సెలవులకి పిల్లలంతా ఊళ్ళకి దిగారు కదండీ, సాయంత్రం పూట తోటలో నిప్పులు రాజేసి నాలుగు దుంపలు కాల్చుకుందాం అనుకునే వాళ్ళు మాత్రం ఇది పూర్తిగా చదవండి. మా కోనసీమలో ఈ మధ్య రోడ్డు పక్కన బళ్ళ మీద చిన్న బంగాళాదుంపలు కొత్తవని చెప్పి తెగ అమ్ముతున్నారు. నేను కొన్నాను, మా ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లాడు రాత్రంతా వాంతులు చేసుకున్నాడు.

పోయిన శనివారం మా ఆడపడుచు పిల్లలు, తోటికోడలి పిల్లలు కలిసి మొత్తం పదకొండు మంది అయ్యారు. సముద్రం మీద వేట ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపేస్తారు కదా, అందుకని చెరువు రొయ్యలే తెప్పించాం, అత్తయ్యగారు శనివారం నీచు ముట్టరు, పిల్లల్లో ఇద్దరు రొయ్య తినరు, వాళ్ళ కోసం దుంపలు. శుక్రవారం చీకటి పడ్డాక వస్తుంటే బండి మీద నిమ్మకాయంత దుంపలు ఎర్రమట్టితో కుప్ప పోసి ఉన్నాయి. "కొత్త దుంపమ్మా, నిన్నే లారీ దిగింది, మట్టి కూడా రాల్లేదు చూడండి" అన్నాడు. పక్క కొట్లో మామూలు దుంప కిలో 30, ఇతను 45 చెప్పాడు, కొత్తది కదా తొక్కతో సహా కాల్చుకోవచ్చు అని 4 కిలోలు తీసుకుని 180 ఇచ్చి వచ్చాను.

పొద్దున్నే బేసిన్‌లో వేసి కడిగితే నీళ్ళు జేగురు రంగు తిరిగిపోయాయి. మూడు నీళ్ళు పారబోసినా అంతే, నా గోళ్ళ సందుల్లో ఎరుపు సాయంత్రం దాకా పోలేదు. పొలం మట్టి అయితే బేసిన్ అడుగున ఇసుకో, గడ్డివేరో తగులుతుంది కదండీ, ఇందులో ఒక్క రేణువు లేదు, మెత్తగా ముగ్గుపిండి కలిపినట్టు దిగింది, అంటే కావాలని కలిపి పూసిందే. కడిగాక చూస్తే తొక్క దళసరిగా ఉంది, చాలావాటికి ఒక పక్కన ఆకుపచ్చ చారలు, కళ్ళ దగ్గర మొలకలు గిల్లేసిన చిన్న చిన్న గుంటలు. అవి చూసి కూడా నేను లేత దుంప కాబట్టి పచ్చగా ఉందిలే అనుకున్నాను, అది చాలా పెద్ద పొరపాటు, ఇంకెవరూ చెయ్యకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

వండడంలో లోపం ఏమీ లేదండి. ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికించి, ఆరబెట్టి, ఫోర్కుతో పొడిచి, పుల్ల పెరుగు, కారం, దంచిన వెల్లుల్లి, వేయించిన జీలకర్ర పొడి, రెండు గరిటెల నూనె పట్టించి గంటసేపు ఉంచాను. మా వారు కొబ్బరి చిప్పలు తగలేసి, మంట పూర్తిగా ఆరి నిప్పుల మీద తెల్లగా బూడిద పొర పట్టేదాకా ఆగి అప్పుడే ఊచలు పెట్టారు. అయినా సరే కొన్ని దుంపలు రెండు నిమిషాల్లో నల్లగా అయిపోయాయి, లోపలేమో తియ్యగా ఉన్నాయి. ఇంకొన్ని నోట్లో పెట్టగానే చేదు, మింగాక గొంతులో మంట. అత్తయ్యగారు మొదటి ముక్కే ఉమ్మేసి "ఇదేంటమ్మా కంద కొరికినట్టు ఉంది" అన్నారు. అప్పటికే మా పిల్లాడు నిమ్మకాయ పిండుకుని ఆరేడు తినేశాడు, కారానికి వాడికి చేదు తెలీలేదు.

అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి, తర్వాత వాంతులు మొదలయ్యాయి. రొయ్యల వల్లేమో అంటారేమో, వాడు రొయ్య ముట్టడు, రొయ్యలు తిన్నవాళ్ళంతా శుభ్రంగా ఉన్నారు. తెల్లారకుండానే ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు ఏం తిన్నాడో అంతా అడిగి, పచ్చ దుంపల వల్లే అయ్యుంటుంది అన్నారు, ఓఆర్‌ఎస్ తాగిస్తూ మధ్యాహ్నం దాకా ఉంచుకుని పంపారు, దేవుడి దయ వల్ల ఇప్పుడు బాగున్నాడు. ఆయన చెప్పిందేంటంటే, దుంపకి వెలుతురు తగిలితే తొక్క పచ్చబడుతుంది, ఆ పచ్చరంగు ఆకుల్లో ఉండేదే, దాంతో ప్రమాదం లేదు, కానీ అదే వెలుతురుకి సొలనిన్ అనే విషం కూడా తొక్కలో, మొలకల దగ్గర పెరుగుతుంది, ఉడికించినా కాల్చినా నూనెలో వేయించినా అది పోదట. పిల్లలు బరువు తక్కువ కాబట్టి కొంచెంతోనే వాళ్ళకి ఎక్కువ ఇబ్బంది. ఇది మన అమ్మలక్కలందరికీ తెలియాలండి, ఎందుకంటే మనం దుంప మెత్తగా ఉడికితే చాలు ఏమీ కాదు అనుకుంటాం.

తర్వాత కూరగాయల హోల్‌సేల్ చేసే మా బంధువుని అడిగితే ఇంకో సంగతి చెప్పారు. మనకి వచ్చే దుంప చాలావరకు ఉత్తరాది నుంచి, ఆగ్రా వైపు నుంచి వస్తుంది, అక్కడ తవ్వకాలు మార్చికల్లా అయిపోతాయి, ఆ తర్వాత వచ్చేదంతా కోల్డ్ స్టోరేజ్ సరుకే. మే నెలలో ఎవరన్నా కొత్త దుంప అన్నారంటే ముందు అనుమానించాలి అన్నారు. కోల్డ్ స్టోరేజ్ దుంప చెడ్డదేం కాదు, కూరకి, పులుసుకి బాగానే ఉంటుంది, కానీ చలికి లోపల పిండి కొంత చక్కెరగా మారిపోతుంది, అందుకే నిప్పు తగలగానే నల్లబడి తియ్యగా అయింది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా అదే జరుగుతుంది కాబట్టి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, వెలుతురు లేని చోట గోనెసంచిలో గాలి తగిలేలా ఉంచండి.

ఆదివారం మిగిలిన దుంపలు పట్టుకుని ఆ బండి దగ్గరికి వెళ్తే "మీరు ఎండలో పెట్టుంటారు, అందుకే పచ్చబడింది" అన్నాడు. నేను కొన్నది శుక్రవారం చీకటి పడ్డాక, కడిగింది శనివారం పొద్దున్న, రాత్రంతా సంచిలోనే మూట కట్టి ఉన్నాయి, అంతలో చారలు పడవు, దానికి రోజులు పడుతుంది. మా కళ్ళ ముందే ఇంకో ఆవిడకి రెండు కిలోలు తూచి ఇచ్చాడు, ఆవిడకి చెప్పాను, విని అక్కడే వదిలేసి వెళ్ళింది. కూరగాయలకి రంగు పూసి అమ్మడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం, నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీకూ ఇలా జరిగితే డబ్బులు పోతే పోయాయిలే అని ఊరుకోకండి, సంచి ఫోటో, కడిగిన నీళ్ళ ఫోటో తీసి పెట్టుకోండి.

కొనేటప్పుడు బొటనవేలితో గట్టిగా రుద్దండి, నిజంగా కొత్త దుంప అయితే పల్చటి తొక్క చేతికి ఊడి వచ్చేస్తుంది, పాతదైతే రాదు. తడి రుమాలుతో ఒకటి తుడిచి చూపించమనండి, తుడవనివ్వకపోతే ఇంక కొనక్కర్లేదు. కాల్చేముందు పచ్చ మచ్చ ఉన్నచోట తొక్క ఒక్కటే కాదు కింద కండ కూడా దళసరిగా కోసి పారెయ్యండి, సగం పైన పచ్చగా ఉంటే దుంపే పారెయ్యండి, చేదు తగిలితే ఉమ్మేసెయ్యమని పిల్లలకి ముందే చెప్పండి.

ఇంకొకటి, జూన్ ముహూర్తాలకి ఆ బండివాళ్ళు వంటవాళ్ళ దగ్గర బస్తాల లెక్కన అడ్వాన్సులు తీసుకుంటున్నారని నిన్ననే తెలిసింది. మీ ఇంట్లో ఫంక్షన్ ఉండి సరుకు వంటాయనే తెస్తానన్నాడంటే దుంపలు వండే ముందురోజే బస్తా విప్పించి, నాలుగు మీ చేత్తో కడిగి చూసుకోండి.