కింగ్‌మేకర్ (2022): ఓట్ల వెనక నీడ

కొరియన్ అంటే లవ్ స్టోరీలూ జాంబీలే అనుకునేవాళ్ళు ఒకసారి ఇది చూడండి, 1960ల కొరియా ఎలక్షన్ల మీద తీసిన సినిమా. తర్వాత సౌత్ కొరియా ప్రెసిడెంట్ అయిన అపోజిషన్ లీడర్ కిమ్ డే జంగ్, ఆయన వెనకుండి గేమ్ నడిపిన స్ట్రాటజిస్ట్ కథే పేర్లు మార్చి తీశారు. లీడర్‌గా సోల్ క్యుంగ్ గు, స్ట్రాటజిస్ట్‌గా లీ సన్ క్యున్, అదే పారసైట్‌లో డబ్బున్న ఇంటాయన.

ఫస్టాఫ్ అయితే మామూలుగా లేదు. అపోజిషన్ వాళ్ళే రూలింగ్ పార్టీ మనుషుల్లా వేషం వేసుకుని, ఊళ్ళో పంచిన గిఫ్టులు మళ్ళీ వెనక్కి లాక్కుంటారు, జనానికి మండుతుంది కదా, ఇక ఆ పార్టీకి ఓటేస్తారా! పైగా ఆ లాక్కున్నవే తర్వాత తమ పేరు మీద పంచేస్తారు. మన ఎలక్షన్లు చూసినోళ్ళకి నవ్వాగదు.

1970లో ప్రెసిడెంట్ ఎన్నికకి పార్టీ క్యాండిడేట్‌ని ఎంచుకునే నామినేషన్ సీన్ కూడా టెన్షన్‌గా ఉంటుంది, మొదటి రౌండ్‌లో వెనకబడిన మనిషి రెండో రౌండ్‌లో ఎలా గెలిచాడనేది బాగా చూపించారు. గెలవడం కోసం ఏదైనా చేయొచ్చా అని ఇద్దరికీ పడే గొడవే అసలు కథ. స్ట్రాటజిస్ట్ నార్త్ కొరియా నుంచి వచ్చినోడు, కమ్యూనిస్ట్ అని ముద్ర పడుతుంది కాబట్టి స్టేజ్ ఎక్కనివ్వరు, సగం ఫ్రేముల్లో చీకట్లోనే నిలబెట్టారు, లీ సన్ క్యున్ కళ్ళతోనే లాగించేశాడు.

సెకండాఫ్ మాత్రం కాస్త సాగింది, 1971లో అప్పటి ప్రెసిడెంట్ పార్క్ చుంగ్ హీ మీద పోటీ గురించి ముందే చదువుకుంటే ఈజీగా ఫాలో అవ్వొచ్చు. 5కి 3.5 ఇస్తా.