కళావంతుల ఊళ్లు చూద్దామని బయల్దేరితే

మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో దేవుడి పటాల పక్కనే రవివర్మ మోహిని ఉయ్యాల ఊగుతూ ఉండేది. ఆయన బొమ్మలకు కూర్చున్నవాళ్లలో అంజనీబాయి మాల్పేకర్ ఒకరని చెబుతారు. 1883లో గోవాలో, గుళ్లలో ఆటాపాటా వృత్తిగా ఉన్న కళావంత్ కుటుంబంలో పుట్టి, బొంబాయిలో గొప్ప గాయని అయ్యారు. తర్వాత పెద్ద హిందుస్తానీ గాయని అయిన కిశోరీ అమోణ్కర్‌కి పాఠం చెప్పారు, 1958లో సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ అందుకున్నారు. నేను మాత్రం 'కళావంత్' దగ్గరే ఆగిపోయాను. మన గోదావరి జిల్లాల్లోనూ గుళ్లలో ఆడిపాడేవాళ్లని కళావంతులే అనేవారు కదా! రెండు రోజులు సెలవు పెట్టి రాజమండ్రి రైలెక్కాను.

బస సంగతి ముందే చెప్పేస్తాను. యాప్‌లో ఫొటోలు చూసి తీసుకున్న లాడ్జిలో ఏసీ ఉంది, రిమోట్ లేదు. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తామన్నారు, తేలేదు. మీరెళితే గది చూశాకే డబ్బు కట్టండి.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి అరగంట చాలనుకుని వెళ్లి రెండు గంటలున్నాను. 1897లో ఇక్కడే పుట్టిన చిత్రకారుడు, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి వచ్చి, 1925లో మశూచితో పోయారు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు! ఆయన గీసిన 'పుష్పాలంకారం' బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను. గీసినాయన పేరు ఊరంతా తెలుసు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లెవరో ఎవర్ని అడగాలి? పుష్కరఘాట్‌లో సెల్ఫీల రద్దీ కంటే ఈ గదులే నాకు నచ్చాయి.

మధ్యాహ్నం గుడి మూసేస్తారన్న టెన్షన్‌తో మర్నాడు తెల్లారకుండానే ద్రాక్షారామం బస్సెక్కాను. దారిలో తాపేశ్వరం కాజా కొనకుండా ఉండలేకపోయాను (పాకం బ్యాగులో కారింది, అది వేరే కథ). భీమేశ్వరుడు రెండంతస్తుల ఎత్తు లింగం, పైకెక్కి కూడా చూడాలి. నేను వెళ్లింది మాత్రం రాళ్లమీది శాసనాల కోసం. పాత శాసనాల్లో గుడిసేవ చేసే ఆడవాళ్లని 'సాని' అన్నారు. గౌరవంగా పిలిచిన మాట అది. దొరసానిలో ఆ గౌరవం మిగిలింది, విడిగా 'సాని' అంటే పోయింది.

ఆ తేడా ఆ సాయంత్రమే చెవిన పడింది. అత్తిలి దగ్గర బల్లిపాడులో మదనగోపాలస్వామి గుడి ఉంది, కళావంతుల్లో సారిదె వారింటి ఆడవాళ్లు అక్కడ స్వామి ముందు ఆడేవారు. 1947లో మద్రాసు చట్టం వచ్చి దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించింది. మంచి చట్టమే. దానితోపాటు జీవనాధారం కూడా పోయిందన్నది మాత్రం మనం అంతగా మాట్లాడుకోం. ఆ గుడికి వెళ్లాలని ఆటో అబ్బాయికి చెబితే, "ఓ, వాళ్లు ఆడే గుడా అండీ?" అని, వాళ్లని ఒక ముతక మాటతో అని నవ్వాడు. బేరమాడకుండా ఎక్కాను కానీ దారంతా మాట్లాడలేదు.

గుళ్లో నలుగురం ఉన్నాం. పూజారిగారు తీర్థం ఇచ్చి, "ఎక్కణ్ణించి బాబూ?" అని ఆప్యాయంగా అడిగారు. ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తాను. దేన్ని తియ్యాలో తోచలేదు. చివరికి స్వామి ఎదురుగా ఉన్న ఖాళీ నేలనే ఒక ఫొటో తీసుకుని అత్తిలి స్టేషన్‌కి బయల్దేరాను. పొద్దుపోతే ఆటోలు దొరకడం కష్టమట.