కుర్చీ, కోర్టు, రాజీ: కాలిపోయిన ఊరికి ఏది మేలు?

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడుతున్నప్పుడు అమెరికా నాయకులు మాట్లాడిన తీరుకు ఇంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు. పసిఫిక్ పాలిసేడ్స్‌లోనూ ఆల్టడీనాలోనూ మంటలు ఆరకముందే తప్పెవరిదన్న పంచాయితీ మొదలైంది. ఆ రెండు మంటల్లో 31 మంది చనిపోయారు. 16,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి.

నిందించడమే తప్పని నేను అనను. ఎవరినీ ఏమీ అనని ఊళ్లో వచ్చే ఏడు కూడా అదే తీగ, అదే స్తంభం, అదే ఎండుగడ్డి ఉంటాయి. కానీ నిందల్లో రకాలున్నాయి. ఒకటి కుర్చీ ఖాళీ చేయిస్తుంది. ఒకటి కంపెనీని కోర్టు మెట్లెక్కిస్తుంది. మరొకటి అందరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చి డబ్బు కక్కిస్తుంది. లాస్ ఏంజెలెస్, ఉత్తర కాలిఫోర్నియాలోని పారడైజ్, హవాయిలోని లహైనా ఈ మూడింటికీ సరిపోయే ఉదాహరణలు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి వైపు నిలబడి చూస్తే అడగవలసినవి రెండే ప్రశ్నలు: అతని చేతికి ఏమొచ్చింది, ఎప్పుడొచ్చింది?

మొదట కుర్చీ సంగతి. జనవరి 7న మంటలు లేచేసరికి మేయర్ కరెన్ బాస్ ఘనా అధ్యక్షుడి ప్రమాణస్వీకారానికి వెళ్లి ఉన్నారు. ప్రమాదకరమైన గాలులు వస్తున్నాయని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది కాబట్టి ఆ ప్రయాణాన్ని ఎవరూ వెనకేసుకు రాలేకపోయారు. అది పొరపాటని ఆమే తర్వాత ఒప్పుకున్నారు. ఈలోగా అగ్నిమాపక శాఖ అధిపతి క్రిస్టిన్ క్రౌలీ బడ్జెట్ కోతల గురించి టీవీ కెమెరాల ముందు నగరపాలక సంస్థనే తప్పుపట్టారు. ఫిబ్రవరి 21న మేయర్ ఆమెను పదవి నుంచి తొలగించారు. మంటలు లేచిన ఉదయం డ్యూటీ దిగిన సుమారు 1,000 మంది సిబ్బందిని ఆపకుండా ఇళ్లకు పంపేశారన్నది మేయర్ చూపిన పెద్ద కారణం. వాళ్లందరినీ ఆపినా ఎక్కించడానికి బండ్లు ఏవన్నది క్రౌలీ వైపు జవాబు. ఆమె అప్పీలు నగర మండలిలో 13–2 ఓట్లతో వీగిపోయింది. ఒక కుర్చీ ఖాళీ అయింది. పాలిసేడ్స్‌లో ఒక్క గోడ కూడా దానివల్ల లేవలేదు.

నీళ్ల గొడవ ఇంకా విచిత్రం. పాలిసేడ్స్ పైనున్న శాంటా యినెజ్ రిజర్వాయర్ 11.7 కోట్ల గ్యాలన్లది. పైకప్పు చిరిగిందని మరమ్మతు కోసం 2024 ఫిబ్రవరి నుంచి ఖాళీగా ఉంచారు. మంటల రాత్రి కొన్ని హైడ్రెంట్లలో, అంటే మంటలార్పడానికి వీధుల్లో పెట్టిన కుళాయిల్లో, నీళ్లు రాలేదు. ఈ రెండు ముక్కలనూ కలిపితే కథ దానంతటదే తయారవుతుంది, అందుకే అది అంత వేగంగా పాకింది. అయితే ఊరి నీటి గొట్టాలు ఏదో ఒక ఇల్లో, రెండు ఇళ్లో కాలితే ఆర్పడానికి సరిపోతాయి. వీధులకు వీధులు ఒక్కసారిగా అంటుకుంటే ఒత్తిడి నిలవదు. రిజర్వాయర్ నిండుగా ఉన్నా హైడ్రెంట్లు చేతులెత్తేసేవేనని ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ నివేదిక తేల్చింది.

అధ్యక్షుడు ట్రంప్ ఇంకో అడుగు ముందుకు వేశారు. చిన్న చేపను కాపాడటానికి గవర్నర్ న్యూసమ్ ఉత్తరాది నీళ్లను ఆపేశారని నింద. జనవరి నెలాఖరున తులేరీ కౌంటీలోని రెండు ఫెడరల్ ఆనకట్టల నుంచి సుమారు 200 కోట్ల గ్యాలన్లు వదిలించారు. ఆ నీళ్లు లాస్ ఏంజెలెస్ చేరే దారే లేదు. చలికాలం కాబట్టి పొలాలకూ అక్కర్లేదు. రైతులు వేసవికని దాచుకున్నవి అవి.

ఈ రభసలో వెనక్కి పోయిన ప్రశ్న ఒకటుంది. జనవరి 1న అదే కొండ మీద ఒక చిన్న మంట లేచింది, ఆర్పేశామన్నారు. అది వేళ్లలో రగులుతూ ఉండి ఆరు రోజుల తర్వాత గాలికి పైకి లేచిందని ఫెడరల్ ప్రాసిక్యూటర్ల వాదన. ఆ మొదటి మంట పెట్టాడన్న ఆరోపణతో అక్టోబరులో ఒకరిని అరెస్టు చేశారు. ఆ మంట ఎవరు పెట్టారన్నది కోర్టు తేలుస్తుంది. ఆరిందో లేదో ఎవరు చూశారన్నదే నాకు అంతకన్నా పెద్ద ప్రశ్న. నిప్పు చల్లారిందని చేత్తో తడిమి చూసుకోవడానికి ఎంతమందిని, ఎన్ని రోజులు పెట్టాలి? వచ్చే ఏడు ఊరిని కాపాడేది దీనికి దొరికే జవాబే. ఘనా ప్రయాణం గురించి జరిగిన చర్చలో పదో వంతు కూడా దీనికి దక్కలేదని నా ఫిర్యాదు.

ఆల్టడీనాకు అసలు మేయరే లేరు. అది నగరపాలక హోదా లేని ప్రాంతం, కౌంటీ సూపర్‌వైజర్ల పాలనలో ఉంటుంది. తిట్టడానికి ఒక ముఖం లేకపోవడంతో కెమెరాలు కూడా అటు తక్కువ తిరిగాయి. చనిపోయినవాళ్లు ఎక్కువ మంది అక్కడివాళ్లే. అందులోనూ దాదాపు అందరూ లేక్ అవెన్యూకు పడమటి వైపు వాళ్లు. మంట సాయంత్రం ఆరు దాటాక మొదలైతే, వాళ్లకు ఖాళీ చేయమన్న ఆదేశం తెల్లవారుజామున మూడు దాటాక వచ్చింది.

ఇక కోర్టు దారి. 2018 నవంబర్ 8న పారడైజ్ కాలింది. 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు పోయాయి. పీజీ అండ్ ఈ అనే విద్యుత్ కంపెనీకి చెందిన దాదాపు వందేళ్ల నాటి హైటెన్షన్ లైనులో అరిగిపోయిన ఒక కొక్కెం తెగడమే కారణమని తేలింది. కాలిఫోర్నియాలో ఒక న్యాయసూత్రం ఉంది. కరెంటు కంపెనీ సరంజామా వల్ల ఇల్లు కాలితే, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, ప్రజోపయోగం కోసం భూమి తీసుకున్నప్పుడు సర్కారు చెల్లించినట్టే కంపెనీ చెల్లించాలి. ఆ భారం భయంతో కంపెనీ 2019 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. 2020 జూన్‌లో 84 మంది మరణాలకు నేరం ఒప్పుకుంది. కంపెనీని జైల్లో పెట్టలేరు కాబట్టి జరిమానాతో సరిపెట్టారు.

డబ్బు పంపకం చూడండి. బీమా కంపెనీలు, వాటి క్లెయిములను చవకగా కొనుక్కున్న పెట్టుబడి సంస్థలు 1,100 కోట్ల డాలర్లు నగదుగా పట్టుకెళ్లాయి. బాధితుల ట్రస్టుకు 1,350 కోట్లు. వినడానికి ఎక్కువే, కానీ అందులో సగం అదే కంపెనీ షేర్ల రూపంలో. ఇల్లు కాల్చిన కంపెనీ షేరు ధర పెరగాలని ఇల్లు కాలినవాడు రోజూ దేవుడికి దండం పెట్టుకోవాలన్నమాట. ఏళ్ల తరబడి విడతలుగా ఇచ్చి, చివరికి ఆమోదించిన క్లెయిములో 70 శాతం దగ్గర ఆగారు. ఈలోగా 26,000 మంది ఉన్న ఊళ్లో 2020 జనగణన నాటికి 5,000 మంది కూడా లేరు. డబ్బు వచ్చేసరికి చాలామంది వేరే ఊళ్లలో స్థిరపడిపోయారు. కోర్టు దారిలో దొరికిన ఒకే ఒక్క గట్టి వస్తువు ఆ నేరాంగీకారం. అది చిన్నదేమీ కాదు, ఏ రాజీనామా అంత సూటిగా ఉండదు. కానీ దానితో ఇంటి పునాది పడదు.

లహైనా మూడో దారి పట్టింది. 2023 ఆగస్టు 8న తెగిన తీగల వల్ల ఉదయం ఒక మంట లేచింది. ఆర్పి సిబ్బంది వెళ్లిపోయారు, మధ్యాహ్నానికి అది మళ్లీ లేచింది. 102 మంది చనిపోయారు. అక్కడా కుర్చీ ఖాళీ అయింది. సైరన్లు మోగించకపోవడాన్ని సమర్థించుకున్న మర్నాడే కౌంటీ అత్యవసర విభాగం అధిపతి రాజీనామా చేశారు. కానీ కథ అక్కడ ఆగలేదు. విద్యుత్ కంపెనీ, రాష్ట్రం, కౌంటీ, పెద్ద ఎత్తున భూములున్న సంస్థలు, టెలిఫోన్ కంపెనీలు కలిసి ఏడాది తిరగకముందే 2024 ఆగస్టు ఆరంభంలో సుమారు 400 కోట్ల డాలర్ల రాజీకి వచ్చాయి. మరణించినవాళ్ల కుటుంబాలకు అంతకు ముందే ఒక నిధి పెట్టి, ఒక్కో మృతుడికి 15 లక్షల డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అసలు మెలిక తర్వాత వచ్చింది. మాకూ విడిగా కావాలని బీమా కంపెనీలు అడ్డం పడితే, 2025 ఫిబ్రవరిలో హవాయి సుప్రీంకోర్టు కుదరదంది. వాళ్లేమైనా రాబట్టుకోవాలంటే రాజీ సొమ్ములోంచే, విడిగా దావా లేదు. పారడైజ్‌లో క్యూలో ముందు నిలబడ్డవాళ్లు లహైనాలో వెనక్కి వెళ్లారు. నా దృష్టిలో ఈ రెండు ఊళ్ల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా ఇదే, మొత్తాల్లో తేడా కాదు.

లోపాలు లేవా? ఉన్నాయి. విద్యుత్ కంపెనీ తన వాటాను నాలుగు వార్షిక వాయిదాల్లో కడుతుంది. రాజీ కుదిరాక కోర్టులో సాక్షుల్ని నిలదీసే అవకాశం పోయింది. అయితే మంటకు కారణం మీద అగ్నిమాపక శాఖ, ఫెడరల్ దర్యాప్తు సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక, రాష్ట్ర అటార్నీ జనరల్ బయటి నిపుణులతో రాయించిన నివేదికలు ప్రజల ముందున్నాయి. రాజీ మాత్రమే చేసుకుని నివేదిక లేకపోతే అది నోరు మూయించడం అవుతుంది. రెండూ ఉన్నాయి కాబట్టే నా ఓటు లహైనాకు.

ఇప్పుడు ఆల్టడీనా కుటుంబాల ముందున్న ఎంపిక దీనికి ఇంకో రూపం. ఆల్టడీనాను కాల్చిన ఈటన్ మంటకు, 1971 నుంచి వాడకంలో లేని సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ కంపెనీ లైనులోకి ఎలాగో కరెంటు పాకడం కారణమై ఉండొచ్చన్నది బలమైన అనుమానం. ఫెడరల్ ప్రభుత్వం, కౌంటీ దావాలు వేశాయి. కంపెనీ మాత్రం 2025 చివర్లో తనే ఒక పరిహార పథకం తెరిచింది. దరఖాస్తు పెట్టుకుంటే లెక్క కట్టి ఇస్తారు, ఇల్లు పూర్తిగా పోయిన యజమానికి నేరుగా వచ్చినందుకు మరో 2 లక్షల డాలర్లు కలుపుతారు. బీమా సొమ్ము అందులోంచి తీసేస్తారు. పుచ్చుకుంటే ఇక దావా వేసే హక్కు ఉండదు.

ఏది మేలు? వయసు పైబడి, బీమా చాలక, అద్దె ఇంట్లో రోజులు లెక్కపెట్టుకుంటున్న యజమాని అయితే పథకమే తీసుకోమంటాను. లాయరు ఫీజు కింద మూడో వంతు దాకా పోయేది మిగులుతుంది, పైగా పారడైజ్‌లో కాలం ఏం చేసిందో చూశాం. ఇల్లు నిలిచినా లోపలంతా సీసం, ఆస్బెస్టాస్ కలిసిన మసి చేరిన కుటుంబమైతే తొందరపడొద్దంటాను. ఆ నష్టం ఎంతన్నది ఇంకా తేలలేదు, తేలని దానికి సంతకం పెట్టడం మంచి బేరం కాదు. అన్నట్టు, ఈ డబ్బు చాలావరకు కంపెనీ జేబులోది కాదు. 2019లో పెట్టిన 2,100 కోట్ల డాలర్ల రాష్ట్ర నిధి ఉంది. అది చాలదని 2025 సెప్టెంబరులో మరో 1,800 కోట్లకు చట్టం చేశారు. అందులో సగం కరెంటు బిల్లుల మీదే పడుతుంది. అంటే ఇల్లు కాలినవాడు కూడా మళ్లీ కరెంటు పెట్టించుకున్న రోజు నుంచి తన పరిహారానికి తనే చందా కడతాడు.

కట్టుకోవడం దగ్గరా ఇదే తూకం, త్వరగానా, జాగ్రత్తగానా? లాస్ ఏంజెలెస్ వేగాన్ని ఎంచుకుంది. గవర్నర్ మంటలు ఆరకముందే పర్యావరణ సమీక్ష, తీరప్రాంత అనుమతుల నిబంధనలను పక్కన పెట్టారు. పాత ఇంటి కొలతకు 110 శాతం దాటకపోతే దారి సులువు. సైన్యం ఇంజినీర్లు శిథిలాలను ఆగస్టు నాటికే దాదాపు ఎత్తేశారు, ఇది మెచ్చుకోవలసిన పని. కానీ గతంలో పారడైజ్‌లో జరిగినట్టు శిథిలాలు తీశాక మట్టి పరీక్ష చేయించడానికి ఫెడరల్ విపత్తుల సంస్థ ఒప్పుకోలేదు. ఇంటి చుట్టూ తొలి ఐదు అడుగుల్లో మండే వస్తువేదీ ఉండకూడదన్న రాష్ట్ర నియమాలు 2023 జనవరికే రావలసినవి, 2025 మంటల నాటికి కూడా రాలేదు. గోడకు ఆనించి పెంచిన పొదను కొట్టేయమంటే ఓటరుకు కోపం వస్తుంది కదా.

పారడైజ్ మెల్లగా కట్టుకుంటోంది. కరెంటు తీగలు భూమిలోకి వెళ్తున్నాయి, సైరన్లు నిలబెట్టారు. వెళ్లిపోయినవాళ్ల స్థలాల్లో కొన్నింటిని అక్కడి పార్కుల విభాగం కొని, ఊరి అంచున నిప్పుకు ఆహారం దొరకని ఖాళీ నేలగా ఉంచుతోంది. మూడు ఊళ్లలోనూ నాకు బాగా నచ్చిన పని ఇది. పాలిసేడ్స్‌లో సముద్రం కనిపించే ఒక్క స్థలాన్ని అలా ఖాళీగా వదలడానికి కొనాలంటే ఎంతవుతుందో లెక్క వేయడానికే భయంగా ఉంది.