మైలేజీ రావట్లేదని సర్వీస్ సెంటర్‌కి డబ్బులు కట్టే ముందు వెనక చక్రం తిప్పి చూడండి

కొత్తగా స్కూటర్ కొనబోతున్నవాళ్లు, కొని ఏడాది కూడా కానివాళ్లు దయచేసి ఇది ఒకసారి చదవండి. నాకు పోయింది లక్షలేమీ కాదు. కానీ జీతంలో ప్రతి వందకూ ముందే లెక్క రాసిపెట్టుకునే ఇంట్లో అది చిన్న మొత్తమూ కాదు.

మాది హన్మకొండ, నా పని మడికొండలో. రానుపోను 24 కిలోమీటర్లు. రోజూ ఆటోలు మారలేక 110 సీసీ స్కూటర్ తీసుకున్నాను. షోరూంలో అబ్బాయి "మేడమ్, మైలేజీ అరవైకి తగ్గదు" అంటూ కొటేషన్ కాగితం వెనకే లెక్క వేసి చూపించాడు. నెలకు 26 రోజులు, 624 కిలోమీటర్లు, పది లీటర్ల పైచిలుకు పెట్రోలు, లీటరు 107 చొప్పున 1,110 రూపాయలు. ఆ అంకె చూసుకునే నేను ఈఎంఐ ఎంతవరకు కట్టగలనో తేల్చుకున్నాను.

మొదటి నెల 1,400 దాకా అయింది. కొత్త బండి కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. మొదటి సర్వీస్ అయ్యాక తగ్గాల్సింది పోయి 1,750 దాటింది. ఇది కూడా వెంటనే తెలియలేదు. వంద, రెండొందలు అని కొట్టించుకుంటూ పోతే ఎంత తాగుతోందో ఎవరికి తెలుస్తుంది? ఒక ఆదివారం ఫోన్‌లో యూపీఐ చెల్లింపులన్నీ వెనక్కి జరుపుకుంటూ బంకువి మాత్రమే కూడితే అప్పుడు గుండె జారింది.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లి చెప్పాను. బండిని ముట్టుకోకుండానే "పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు మేడమ్, అన్ని బండ్లకూ ఇంతే" అన్నారు. తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్, అంటే ఇంజిన్‌కి పెట్రోలు చిమ్మే భాగాన్ని శుభ్రం చేస్తే లాగుతుందని 480, ట్యాంకులో ఒక సీసా మందు పోస్తే మైలేజీ పెరుగుతుందని 250 తీసుకున్నారు. అప్పటికి బండి తిరిగింది రెండు వేల కిలోమీటర్లు కూడా లేదు. అంత కొత్త బండికి ఇంజెక్టర్ క్లీనింగ్ ఎందుకు అని ఆ రోజు అడగలేకపోయాను. అక్కడ నిలబడితే మనకేమీ తెలియదన్న భావన కలుగుతుంది, అదే వాళ్లకు కావాల్సింది.

ఇథనాల్ మాట పూర్తిగా అబద్ధం కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి 20 శాతం కలిపితే మైలేజీ కొంత తగ్గుతుంది. కానీ ఎంత? నీతి ఆయోగ్ 2021 నివేదికలో పాత రకం ద్విచక్ర వాహనాలకు చెప్పిన తగ్గుదల 3 నుంచి 4 శాతం. ఆ లెక్కన అరవై ఇచ్చే బండి దాదాపు 58 ఇవ్వాలి. నాది ఎంత ఇస్తోందో అప్పుడు మొదటిసారి కొలిచాను. బంకులో నాజిల్ తనంతట తాను ఆగేదాకా నింపించి మీటరు రీడింగ్ రాసుకున్నాను. 171 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ అలాగే నింపిస్తే 4.5 లీటర్లు పట్టింది. అంటే 38. ఇంజెక్టర్ క్లీనింగ్, సీసా మందు రెండూ అయ్యాక వచ్చింది అది.

బంకు మీద కూడా అనుమానం వచ్చింది. ఆ అనుమానం మీకూ వస్తే ఊరికే తిట్టుకోవద్దు. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల క్యాన్ ఉండాలి, మనం అడిగితే దానిలో పోసి చూపించాలి. 25 మిల్లీలీటర్ల వరకే తేడా ఉండొచ్చు. నేను అడిగాను, పోసి చూపించారు, కొలత సరిగ్గానే ఉంది.

చివరికి సంగతి తేల్చింది కాజీపేటలో రోడ్డు పక్కన చిన్న షెడ్డు నడుపుకునే మెకానిక్. ఇంజిన్ జోలికే పోలేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పాడు. సర్ర్‌మని రాసుకున్న చప్పుడు, సగం చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. "అక్కా, బ్రేక్ పట్టేసి ఉంది. ఇట్ల ఉంటే పెట్రోల్ ఎట్ల మిగుల్తది?" అన్నాడు. మొదటి సర్వీస్‌లో వెనక బ్రేక్ నట్టును అతిగా బిగించేశారు. లివర్‌కి కాస్త వదులు ఉండాలి, నాదానికి అస్సలు లేదు. నేను నెలల తరబడి బ్రేక్ పట్టుకునే బండి నడిపానన్నమాట. వెనక చక్రం మధ్యలో బ్రేక్ ఉండే డ్రమ్ దగ్గర వేడి సెగ కొడుతుంటే ఎండకనుకున్నాను. నట్టు కొంచెం వదులు చేశాక చక్రం మూడు నాలుగు చుట్లు తిరిగింది. వెనక టైరులో 29 ఉండాల్సిన గాలి 18 ఉంది, అదీ పట్టాడు. తీసుకున్నది యాభై రూపాయలు.

తర్వాత మళ్లీ కొలిచాను. 188 కిలోమీటర్లకు 4 లీటర్లు, అంటే 47. ఊళ్లో సిగ్నళ్ల మధ్య, 110 సీసీ బండికి ఇది న్యాయమైన అంకె. నెలకు 1,420 అవుతోంది. గమనించండి, అన్నీ సరిగ్గా ఉన్నా అరవై రాలేదు. కాబట్టి కొనేటప్పుడు షోరూం చెప్పే మైలేజీతో బడ్జెట్ వేసుకోకండి. మీ దారిలోనే అదే మోడల్ నడిపేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పినదానికి రెండు తగ్గించి వేసుకోండి. డిస్‌ప్లేలో చూపించే సగటునూ నమ్ముకోవద్దు, ట్యాంకు నింపి కొలవండి. మొదటి నెలే కొలిచి రాసిపెట్టుకోండి. నా దగ్గర ఆ అంకె ఉండి ఉంటే, తేడా సర్వీస్ తర్వాతే వచ్చిందని అక్కడికక్కడే నిలదీసేదాన్ని.

ఇంకో రెండు ఖర్చులు చెప్పాలి. ఫ్రీ సర్వీస్ అంటే కూలీ మాత్రమే ఉచితం, ఆయిల్ డబ్బులు మనవే. ఇక ఇన్సూరెన్స్. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం 3,851 రూపాయలు, పన్ను అదనం. అది ఎక్కడ కట్టినా ఒకటే. మన బండికి జరిగే నష్టానికి కట్టే మిగతా భాగంలోనే తేడాలుంటాయి, బయట అడిగి చూసుకోవచ్చు. షోరూంలోనే కట్టాలన్న రూలు లేదు. నా కొటేషన్‌లో అడగకుండానే రెండు యాడ్-ఆన్‌లు (అదనపు కవర్లు) కలిపేశారు, నేను చూసుకోలేదు.

సర్వీస్ నుంచి బండి తీసుకునేటప్పుడు అక్కడే సెంటర్ స్టాండ్ వేసి చక్రం తిప్పి చూడండి. ఎవరేమనుకుంటారోనని మొహమాటపడొద్దు. బండి సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు వాళ్లు రాసే జాబ్ కార్డులో మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. నా జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని మాత్రమే ఉంది, మైలేజీ మాటే లేదు. అందుకే డబ్బులు తిరిగివ్వమంటే సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట నా మాట వినలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాక ఫోన్ చేశారు. 480 తిరిగిచ్చారు. సీసా మందు 250 మాత్రం "వాడేశారు కదా మేడమ్" అంటున్నారు, దాని కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.